మూడు కుండల పందిరి

రోహిణి కార్తె మొదలైన రోజులు. మధ్యాహ్నం రెండు గంటలు. పల్నాడులో ఒక ఊరి బస్టాండు ఎదురుగా బస్సు దిగాను. తారు రోడ్డు మీది వేడి ముఖానికి కొడుతోంది. రోడ్డు దాటగానే ఒక తాటాకు పందిరి, దాని కింద మూడు కుండలు, ఒక బల్ల, బల్ల వెనక పీట మీద ఒక పెద్దాయన. నేను అడగకముందే గ్లాసు నా చేతికి వచ్చింది.

"ముందు నీడలో కూర్చో నాయనా. నిదానంగా తాగు" అన్నాడు.

మొదటి గ్లాసు గొంతుకే సరిపోయింది. రెండోది తాగాక చూపు నిలిచింది. తర్వాతి బస్సుకు గంటకు పైగా వ్యవధి ఉంది. ఆ గంటా ఆ పందిరిని చూస్తూ, పెద్దాయన్ని అడుగుతూ కూర్చున్నాను. ఎండాకాలం వచ్చిందంటే తెలుగు నేల మీద ప్రతి కూడలిలోనూ కనిపించే చలివేంద్రమే అది. ఎన్నో వందలసార్లు ఇలాంటి చోట నీళ్లు తాగాను. ఇది ఎలా పనిచేస్తుందో ఎప్పుడూ చూడలేదు. మనిషిలో దయ ఉండటం ఒక సంగతి. ఆ దయ మే నెల మధ్యాహ్నం రెండింటికి కుండలో చల్లగా నిలిచి ఉండటం ఇంకో సంగతి. ఈ రెండోదానికి పనితనం కావాలి.

మొదట చోటు సంగతి. ఈ పందిరి బస్సు ఆగే చోటికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఇంకా దగ్గరైతే దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ అడ్డం. ఇంకా దూరమైతే బస్సు వెళ్లిపోతుందన్న భయంతో ఎవరూ రారు. ఆగిన బస్సు కిటికీలోంచి చూస్తే కుండలు కనిపించాలి, పిలిస్తే వినపడాలి. కాలువకూ చెత్తకుప్పకూ ఎగువన ఉండాలి. ఒలికిన నీళ్లు నిలవకుండా పోయే వాలు ఉండాలి. "నిరుడు అటు పక్కన వేశాం. బురదై దోమలు చేరాయి. ఈ ఏడు ఇటు మార్చాం" అన్నాడు పెద్దాయన. చిన్న పొరపాటును గుర్తుపెట్టుకుని మరుసటి ఏడాది దిద్దుకోవడంతోనే ఏ పనిలోనైనా నేర్పు మొదలవుతుంది.

తర్వాత పందిరి. నాలుగు సర్వి గుంజలు, పైన అడ్డంగా వెదుళ్లు, వాటి మీద తాటాకులు. ఆకులు ఒక పొర కాదు, మూడు పొరలు. పై పొర ఎండను పట్టుకుంటుంది, పొరల మధ్య గాలి ఆ వేడిని కిందికి దిగనివ్వదు. ఇదే పందిరి రేకులతో వేస్తే మధ్యాహ్నానికి రేకు పెనంలా కాలి, కింద ఉన్న మనిషికీ కుండకూ సెగ తగులుతుంది. పందిరికి తూర్పు, ఉత్తరం, దక్షిణం తెరిచి ఉన్నాయి. పడమటి వైపు మాత్రం ఒక తడిక. రెండింటి తర్వాత ఎండ ఏటవాలుగా వచ్చేది ఆ దిక్కు నుంచే. ఆ తడికనైనా నేల దాకా దించలేదు, కింద జానెడు సందు వదిలారు. ఎండ రాకూడదు, గాలి ఆగకూడదు. ఈ రెండు షరతులూ ఒకేసారి తీర్చడమే పందిరి పని. ఎందుకో కుండ దగ్గరికి వస్తే తెలుస్తుంది. దీన్ని పాతకాలంలో చలిపందిరి అన్నారంటే ఆ పేరు ఊరికే రాలేదు. పందిరి లేని కుండ సగం కుండే.

ఇక కుండ. కుమ్మరి చెరువు మట్టిలో సన్నని ఇసుక కలిపి తొక్కి, సారె మీద మెడ లేపి, సలపతో కొట్టి కడుపు పల్చన చేసి, ఆరబెట్టి, ఆవంలో కాలుస్తాడు. నీళ్ల కుండ మరీ గట్టిగా కాలితే రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు చల్లబడవు. కాలిక చాలకపోతే కుండ నానిపోతుంది. సరిగ్గా కాలిన కుండ గోడ నిండా కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. లోపలి నీరు వాటి గుండా మెల్లగా బయటికి ఊరి, పైన పల్చటి తడిపొరగా నిలుస్తుంది. గాలి తగిలి ఆ తడి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుంచీ అందులోని నీళ్ల నుంచీ లాక్కుంటుంది.

ఎంత వేడిని లాక్కుంటుందో లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మన వాతావరణంలో ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీలు కావాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే తీయవలసింది ఒక్క కెలోరీ. అంటే పది లీటర్ల కుండలోంచి వంద మిల్లీలీటర్లు, నూటికి ఒక వంతు, ఆవిరైతే చాలు, మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి లెక్కంతా మన చేతికి దక్కదు. అయినా గాలి పొడిగా ఉన్న చోట బయటికీ కుండలోని నీళ్లకూ పది డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. కరెంటు లేదు, తిరిగే చక్రం లేదు, చప్పుడు లేదు. వందో వంతు తనను తాను ఇచ్చుకుని తొంభై తొమ్మిది వంతుల్ని చల్లబరిచే నీరు ఇది.

పందిరి ఎందుకు అలా ఉందో ఇప్పుడు తెలుస్తుంది. కుండకు గాలి తగిలితేనే తడి ఆవిరవుతుంది. ఎండ తగిలితే ఆవిరి లాక్కున్న వేడికి మించి వేడి వచ్చి చేరుతుంది. అందుకే నీడ నిండుగా ఉండాలి, గోడలు ఉండకూడదు. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి మందగిస్తుంది. పల్నాడులోనో రామగుండంలోనో పొడిగాలికి చల్లబడ్డంతగా అదే కుండ కాకినాడలోనో మచిలీపట్నంలోనో చల్లబడదు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో కుండల్ని ఇంకా ఎడంగా, ఇంకా గాలిపాటున పెట్టుకోవాలి.

కుండను ఎంచుకోవడమూ ఒక విద్యే. పెద్దాయన వేలి కణుపుతో కుండ కడుపు మీద కొట్టి చూపించాడు. ఖంగుమని మోగింది. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. కొత్త కుండను తెచ్చిన రోజే వాడరు. ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లు నింపి ఉంచి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నింపుతారు. మట్టి వాసన, లోపలి దుమ్ము పోతాయి. గోడ నీళ్లు పీల్చుకుని పనికి సిద్ధమవుతుంది. కడగడానికి సబ్బు వాడరు. మట్టి సబ్బును పీల్చుకుని నీళ్లలోకి వదులుతుంది. కొబ్బరి పీచుతో రుద్ది, ఎండలో బోర్లిస్తారు. ఏ నీళ్లలోనైనా కొంత ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరైన చోట ఉప్పు మిగిలి, కుండ బయట తెల్లటి చారలు కడుతుంది, రంధ్రాలు పూడుతాయి. మార్చిలో బాగా చల్లబరిచిన కుండ మే నాటికి నీరసిస్తుంది. అందుకే ఇక్కడ రెండు రోజులకోసారి బయటి వైపు కూడా పీచుతో రుద్దుతారు, మే మొదట్లో కుండల్నే మారుస్తారు.

కుండ నేల మీద కూర్చోలేదు. ఇటుకల మధ్య జానెడెత్తు ఇసుక పోసి, దాన్ని తడిపి, అందులో కుండ అడుగు ఒదిగేలా గుంట చేశారు. గుండ్రటి అడుగుకు ఇసుక కుదురులా అమరుతుంది, కుండ దొర్లదు. అడుగున ఊరిన నీళ్లను ఇసుక పట్టుకుని, తానూ చల్లబడుతుంది. కుండ భుజం చుట్టూ తడి గోనెపట్టా. మూతి మీద మట్టి మూకుడు, దాని కింద దుమ్ము పడకుండా తెల్లగుడ్డ. లోపల ఒక చిన్న మూటలో వట్టివేళ్లు. నీళ్లకు ఆ చిరువాసన ఇస్తున్నవి అవే.

నీళ్లు ఎక్కడివని అడిగాను. తాగునీటి ప్లాంటు నుంచి డబ్బాల్లో వస్తాయి. వెనకటి రోజుల్లో చెరువు నీళ్లే గతి అయినప్పుడు చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారట. బురద అడుగుకు చేరి పైనీళ్లు తేరుకునేవి. చిల్లగింజ బురదను దించుతుంది, రోగాన్ని చంపదు. అందుకని అప్పుడైనా కాచి చల్లార్చిన నీళ్లే మేలని పెద్దాయన వివరంగా చెప్పాడు.

ఇంతవరకూ చూసింది ఒక్క కుండ. అసలు తెలివి మూడు కుండల్లో ఉంది. ఒక్కోటి ఇరవై లీటర్ల కుండ. చిన్న గ్లాసుతో పోస్తే కుండకు వంద గ్లాసులు. నీళ్లు పోయగానే కుండ చల్లబడదు, నాలుగైదు గంటలు పడుతుంది. ఒకటే కుండ పెట్టి, తగ్గినప్పుడల్లా పోస్తూ ఉంటే పొద్దున చల్లగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి, అంటే మనిషికి నిజంగా కావలసిన వేళకు, గోరువెచ్చగా ఉంటాయి. అందుకే ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. వాడుకలో ఉన్న కుండలో కొత్త నీళ్లు కలపరు. మూడు కుండల్నీ రాత్రి నింపేస్తారు. రాత్రి గాలికి మూడూ చల్లబడతాయి. ఎనిమిదింటికి మొదటిది తెరుస్తారు. పదకొండుకు అది ఖాళీ అవుతుంది. దాన్ని కడిగి నింపి పక్కన పెట్టి, రెండోది తెరుస్తారు. రెండింటికి మూడోది. అది ఐదింటికి అయ్యేసరికి పదకొండుకు నింపిన మొదటి కుండ ఆరు గంటలు చల్లబడి సిద్ధంగా ఉంటుంది. ఒకటి ఇస్తుంటే ఒకటి ఎదురుచూస్తుంది, ఒకటి తయారవుతుంది. ఈ గొలుసు తెగనంతసేపు చల్లటి నీళ్లకు లోటు లేదు.

వాడుకలో ఉన్న కుండ మెడకు ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది. మనుషులు మారుతూ ఉంటారు కాబట్టి ఆ గుర్తు. పొద్దున ఎనిమిది నుంచి పదింటిదాకా పక్కనే పూలు అమ్ముకునే ఆవిడ చూస్తుంది. పది నుంచి మూడు దాకా ఈ పెద్దాయన. ఆయన బరువులు ఎత్తలేడు, కూర్చోగలడు. మూడు తర్వాత సెలవుల్లో ఉన్న ఇంటర్ పిల్లలు ఇద్దరు. రాత్రి నీళ్లు మోసేది ఆటోవాళ్లు. వాళ్ల దగ్గర బండి ఉంది, బలం ఉంది, రాత్రి తీరిక ఉంది. ఎవరి దగ్గర ఏది ఉందో అదే అడిగారు, లేనిది అడగలేదు. వచ్చినవారు ఎర్ర పీలిక చూస్తే చాలు, ఏ కుండలోంచి ముంచాలో ఎవర్నీ అడగక్కర్లేదు. పెద్ద కర్మాగారాల్లో షిఫ్టు మారేటప్పుడు రాసే పుస్తకం పని ఇక్కడ జానెడు గుడ్డ చేస్తోంది.

ముంచే తీరు చూడండి. శుభ్రమైన నీళ్లయినా చెడేది ఎక్కువగా ముంచే చేతి వల్లే. కుండలోకి దిగేది ఒక్క ముంత, దానికి మూరెడు కాడ. వేళ్లు నీటిని తాకవు. ఆ ముంత ఎవరి పెదవికీ తగలదు, బల్ల మీద పడదు, కుండ పక్కన కొక్కేనికి వేలాడుతుంది. తాగే గ్లాసులు వేరు. తాగినవి ఒక తొట్టిలో కడిగి, రెండో తొట్టిలో ముంచి, ఎండలో బోర్లిస్తారు. సీసా తెచ్చుకున్నవాళ్లకు గరాటు ఉంది. గ్లాసు వద్దనుకున్నవాళ్లకు దోసిట్లో ధార.

దోసిట్లో ధార పోయడం చాలా పాత కళ. శాతవాహన రాజు హాలుడి పేరిట ఉన్న ప్రాకృత గాథాసప్తశతిలో ఒక చలిపందిరి కనిపిస్తుంది. దాహం తీరినా బాటసారి వేళ్లు ఎడం చేసి, నీళ్లు జారనిస్తూ, నీళ్లు పోసే అమ్మాయిని చూస్తూ ఉంటాడు. ఆమె కూడా ధారను సన్నం చేస్తుంది. ప్రేమ సంగతి అలా ఉంచితే, ఆ కవికి ఈ పని తెలుసు. ధార లావు పోసేవారి మణికట్టులో ఉంటుంది, ఆ నీళ్లు నిలవడం తాగేవారి వేళ్ల సందుల్లో ఉంటుంది. అంతకుముందే, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో, అశోకుడు తన ఏడో స్తంభ శాసనంలో దారుల వెంట చెట్లు నాటించాననీ, బావులు తవ్వించాననీ, మనుషులకూ పశువులకూ నీళ్లు తాగే చోట్లు ఏర్పరిచాననీ చెప్పుకున్నాడు. ఈ పందిరి పక్కన కూడా పశువులకు ఒక సిమెంటు తొట్టి, పిచ్చుకలకు ఒక మట్టి చిప్ప ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైగా ఈ పని జాబితా మారలేదు.

మారవలసింది ఒకటి ఉండేది. దోసిట్లో ధార శుభ్రతకే పుట్టలేదు. ముట్టుకోకుండా దూరం నుంచి పోయడానికి కూడా ఆ పద్ధతినే వాడుకున్నారు. కొందరికి గ్లాసు, కొందరికి దోసిలి. దాహంతో వచ్చిన మనిషిని ముందు కులం అడిగిన చలివేంద్రాలు మన నేల మీద ఉన్నాయి. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్ చెరువు నీళ్లు తాగి అంబేడ్కర్ చెప్పింది ఈ సంగతే. నీళ్లు తాగడం మనిషి హక్కు. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దు చేసింది. బావుల, చెరువుల వాడకంలో కుల వివక్ష కూడదని 15వ అధికరణం పేరుపెట్టి మరీ చెప్పింది. ఈ పందిరి కింద అందరికీ అవే గ్లాసులు, అదే తొట్టి. బల్ల చివర ఇంకో చిన్న కుండకు కుళాయి బిగించి ఉంది. ఎవరి నీళ్లు వారు పట్టుకోవచ్చు. మొదట అది నాకు చిన్న సౌకర్యంలా కనిపించింది. కాసేపు చూశాక దాని విలువ తెలిసింది. చేయి చాచి అడగడానికి బిడియపడే మనిషి ఎవరి ముఖమూ చూడకుండా తాగి వెళ్లగలుగుతున్నాడు. ఇచ్చే చేయి కనపడకుండా ఇవ్వడానికి కుళాయిని మించిన సాధనం లేదు.

పన్నెండు నుంచి మూడు దాకా మజ్జిగ కూడా ఉంటుంది. లీటరు పెరుగుకు ఐదు లీటర్ల నీళ్లు. దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, నలిపిన నిమ్మాకు, ఉప్పు. ఉప్పు రుచికి మాత్రమే కాదు. చెమటతో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. రోజంతా ఎండలో పనిచేసినవారికి రెండూ తిరిగి అందాలి. బల్ల సొరుగులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు, ఉప్పు, మరో రెండు లవణాలు కలిపి 20.5 గ్రాములు. లీటరుకు చేసిన ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్టు వేసి ఇస్తే పాళ్లు తప్పి మేలుకు బదులు కీడు జరుగుతుంది. అందుకే సొరుగు పక్కనే లీటరు గీత ఉన్న సీసా ఒకటి ఉంచారు.

పెద్దాయన నీళ్లిస్తూ ముఖాలు కూడా చూస్తాడు. చెమట పట్టవలసిన ఎండలో ఒళ్లు పొడిగా కాలుతున్నా, మాట తడబడుతున్నా, అడుగు తూలుతున్నా వాళ్లను కదలనివ్వడు. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, విసురుతూ 108కు ఫోన్ చేయిస్తాడు. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయకూడదని పిల్లలిద్దరికీ మొదటి రోజే నేర్పాడు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఎండన పడి పనికి పోక తప్పనివాళ్లు, వయసు మళ్లినవాళ్లు. ఆ ఏడాది గుర్తున్నవాళ్లకు ఈ పందిరి ఎందుకో చెప్పక్కర్లేదు.

విడివిడిగా చూస్తే ఇక్కడ ఏదీ గొప్ప వస్తువు కాదు. తాటాకు, ఇసుక, మట్టి, గోనె, గుడ్డపీలిక. కలిపి చూస్తే ఒకదాని లోటును ఒకటి పూడుస్తుంది. కుండకు గాలి కావాలి, పందిరి ఇస్తుంది. చల్లబడటానికి వ్యవధి కావాలి, పక్క కుండ ఇస్తుంది. కుండలు నింపడానికి రాత్రి కావాలి, ఆటోవాళ్లు ఇస్తారు. పగలు కనిపెట్టుకుని ఉండే కళ్లు కావాలి, పెద్దాయన ఇస్తాడు. కుండలో మూడు గంటలకు వంద గ్లాసులు పుడుతున్నాయంటే, ఆ గ్లాసుల వెనక ఇంతమంది ఇంత ఒద్దికగా ఒకరికొకరు ఆసరాగా నిలబడ్డారని అర్థం.

ప్రారంభం రోజున కళకళలాడి, వారం తిరిగేసరికి ఖాళీ కుండలతో మిగిలే పందిళ్లు కూడా ఉంటాయి. కట్టినవాళ్లలో దయ లేక అలా జరగదు. రాత్రి ఎవరు నింపాలి, రెండింటికి ఎవరు కూర్చోవాలి అన్నది ముందే తేల్చుకోకపోవడం వల్ల జరుగుతుంది. పందిరి వేయడం ఒక్క రోజు పని. నిలబెట్టడం ఉగాది నుంచి మృగశిర దాకా రెండు, రెండున్నర నెలల పని.

బస్సు వచ్చింది. లేస్తూ, నేనేమైనా ఇవ్వనా బాబాయ్ అని అడిగాను. పెద్దాయన పదకొండుకు ఖాళీ అయిన కుండ వైపు చూశాడు. అప్పటికే అది నిండి ఉంది, పైన తడి మెరుస్తోంది.

"ఇక్కడికి అక్కర్లేదు నాయనా. మీ ఊళ్లో చూడు" అన్నాడు.

ఆ మాటే మీకూ చెబుతున్నాను. మీ ఊళ్లో చలివేంద్రం ఉంటే మే నెల మూడో వారంలో, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వెళ్లండి. కుండలో చల్లటి నీళ్లుంటే తాగి, రాత్రికి వచ్చి ఒక బిందె మోయండి. కుండ ఖాళీగా ఉంటే రెండో కుండ కొనండి, మూడో కుండకు ఇంకొకర్ని అడగండి.